నలభై మందికి వంట, మధ్యలో సముద్రం

మా అత్తమ్మ మీద నాకున్నది ఒక్కటే ఫిర్యాదు. సముద్రం ఉప్పగా ఉందని ఆమె నన్ను తిట్టింది. గోవా ఒడ్డున దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని, థూ అని ఊసి, అంత జనంలో నావైపే చూసింది. ఆమె తప్పేం లేదు. పన్నెండేళ్లుగా ఇంట్లో ఏది ఉప్పగా ఉన్నా, ఏది చప్పగా ఉన్నా చూసేది నావైపే. అరేబియా సముద్రానికి వేరే నియమం ఎందుకుంటుంది?

అది 1984. దసరా తెల్లారి హనుమకొండ నుంచి బయలుదేరాం. మా ఆయన సారంగపాణి కామర్స్ లెక్చరరు. తోటి లెక్చరర్లు, వాళ్ల భార్యలు, తల్లులు కలిసి నలభై మంది, పది రోజులు, ఒక బస్సు. గొంతు పెద్దది కాబట్టి టూరు సెక్రటరీ ఆయనే, గైడూ ఆయనే. బస్సులో మైకు పెట్టించుకున్నారు. వంటమనిషిని మాత్రం పెట్టించలేదు. "మన ఆడోళ్లుండంగ వంటోడెందుకు?" అని మీటింగులో ఫిజిక్సు వెంకట్రాజం అంటే అందరూ చప్పట్లు కొట్టారట. ఆ మీటింగుకు ఆడోళ్లను పిలవలేదు. బస్సు టాపు మీద బియ్యం బస్తా, పప్పు, మూడు కిరోసిను స్టవ్వులు, రెండు గుండిగలు ఎక్కాయి. ఎక్కడ ఆగినా వంటకు కుదిరిన మేం అయిదుగురు ఆడవాళ్లం ముందు దిగేవాళ్లం, చివర ఎక్కేవాళ్లం. మధ్యలో దేశం చూడాల్సిందంతా మిగతావాళ్లు చూసేవాళ్లు.

గైడు చెప్పే సంగతులు మాత్రం నేను రాసినవి. నేను ఉస్మానియాలో జియాలజీ బి.ఎస్సీ. చదివాను, ఫస్టు క్లాసు. పెళ్లిచూపుల్లో ఆ మాట చెప్తే అత్తమ్మ, "రాళ్ల సదువా? మంచిదే, బియ్యంల రాళ్లేరుడుకు పనికొస్తది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు, అది జోకనుకున్నాను. టూరు ఖాయమయ్యాక మా ఆయన నా పాత నోటు పుస్తకాలు అటక మీంచి తనే దించి దుమ్ము దులిపాడు. పెళ్లయ్యాక ఆయన ఇంట్లో దుమ్ము దులపడం అదే మొదలు. వారం రోజులు పిల్లలు పడుకున్నాక కూర్చుని రాసిచ్చాను. జహీరాబాదు దాటాక నేల ఎందుకు నల్లబడుతుందో, సతారా ఘాట్లలో కొండలు మెట్లుమెట్లుగా ఎందుకుంటాయో, ఒక్కో మెట్టూ ఒక్కోసారి పారి చల్లారిన లావా అని. ఆయన మైకులో, "నా పరిశోధనలో తేలిందేమిటంటే" అని మొదలుపెట్టి చదివేవాడు. నేను వెనక సీట్లో రాత్రి వంటకు ఎల్లిపాయలు ఒలుస్తూ వినేదాన్ని. ఎక్కడైనా ముక్క మింగేస్తే తెలిసేది. లావా పొరలు ఇరవై మూడు అని రాస్తే ముప్పై రెండు అని చదివాడు. చిలుకమ్మక్క, అంటే వెంకట్రాజం భార్య, "మీ ఆయనకు ఎంత తెలుసు చెల్లె!" అంది. "అవునక్కా, తొమ్మిది పొరలు ఎక్కువే తెలుసు" అన్నాను.

ఒక్క చోటు గురించి మాత్రం నేను రాయలేదు. మల్పె. ఉడుపి పక్కన ఆ ఒడ్డు నుంచి పడవ మీద పోతే ఒక దీవి వస్తుంది. దాని మీద లావా చల్లారుతూ బిగుసుకుని, నిలువునా పగిలి, చెక్కిపెట్టినట్టు పలకలు తేలిన స్తంభాలై నిలబడింది. ఫైనలియరులో మా క్లాసంతా అక్కడికి పోయింది. "ఆడపిల్ల ఎనిమిదొద్దులు మగపోరగాండ్లతోని పోవుడేంది?" అని నాన్న నన్ను ఆపేశాడు. వైవాలో ఆ స్తంభం బొమ్మే గీయమన్నారు. చూడకుండా గీశాను, మంచి మార్కులే పడ్డాయి. అందుకే మా ఆయనతో ముందే చెప్పాను, మల్పె కాగితం రాయను, అక్కడ నేనే చెప్తాను, ఆ ఒక్కరోజు నాకు వంట లేదు అని. "గంతే గదా, ఫికర్ చెయ్యకు, నిన్ను పడవ ఎక్కించే జిమ్మ నాది" అన్నాడు. అప్పటికి చేతిలో నోట్సు ఇంకా సగమే పడింది మరి.

ఏడోరోజు పొద్దున మల్పెలో దిగాం. ఆ పూట అందరికీ ఉడుపి హోటలే అని ముందే అనుకున్నాం. స్టవ్వులు కిందికి దించలేదు. నేను చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని పడవ దగ్గర నిలబడ్డాను. మా ఆయన అత్తమ్మతో, "నీకెందుకమ్మా పడవ, నువ్వు గీడనే కూసో" అన్నాడు. కాసేపటికి అత్తమ్మ కడుపు పట్టుకుని ఇసకలో కూలబడింది.

"గీ కొబ్బరి సాంబారు నా కడుపుల పడ్తలేదు బిడ్డా. ఇడ్లీ సూస్తెనే వాంతికొస్తాంది. ఇంత పచ్చిపులుసు, అన్నం లేకపోతె నేను బతుక."

మా ఆయన అత్తమ్మను చూశాడు, నన్ను చూశాడు, పడవను చూశాడు. లెక్క తేల్చడానికి కామర్స్ అక్కర్లేకపోయింది.

"ప్రమీలా, అమ్మ పరిస్థితి సూస్తానవు గదా. ఎట్లయిన వండుతానవు గద, అందరికి ఏసెయ్యి. హోటలు ఖర్చు తప్పుతది."

"మీరు మాటిచ్చిండ్రు."

"రాళ్లే గదనే! మన పద్మాక్షి గుట్ట మీద లేవా రాళ్లు? నీకోసం ఓ ముక్క తెస్త తియ్యి" అన్నాడు. పడవ వెళ్లిపోయింది. నాతో వంట చేసే మిగతా నలుగురూ ఎక్కారు. నేను వాళ్లను తప్పుపట్టను. నా వంతూ వాళ్ల వంతూ కలిపి ఒక్కదాన్నే చేస్తుంటే ఎవరైనా ఎక్కుతారు.

స్టవ్వుకు గాలి కొడుతూ, చింతపండు పిసుకుతూ, ఉల్లిగడ్డలు కోస్తూ దీవి వైపు చూశాను. ఇంత చిన్నగా, నల్లగా, నీళ్ల మీద బోర్లించిన మూకుడులా కనిపించింది. కళ్లు కారుతుంటే ఉల్లిగడ్డలున్నాయి కదా, ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు. అత్తమ్మ పక్కనే కూర్చుని, "పోపు మాడుతాంది సూడు" అంటూ ఉంది.

మధ్యాహ్నం రెండు దాటాక తిరిగి వచ్చారు. విస్తళ్ల ముందు కూర్చున్నారు. వడ్డిస్తుంటే వెంకట్రాజం, "అబ్బ, ఏం చెక్కడమండి! ఒక్కొక్క స్తంభం ఉలితోటి చెక్కినట్టుంది. ఏ రాజో కోట కట్టబోయి ఇడిసిపెట్టిండట, మన సారంగం మస్తు చెప్పిండు" అన్నాడు.

నా చేతిలో గరిటె ఆగింది. కాగితం లేక మా ఆయన ఓ రాజును పుట్టించుకున్నాడు.

"ఎవ్వరు చెక్కలేదన్నా. లావా చల్లారి కుంచించుకుంటె అట్ల పగులుతది. చెరువు ఎండితె మట్టి నెర్రెలిచ్చినట్టే" అన్నాను.

మా ఆయన ముద్ద కలుపుతూ తల కూడా ఎత్తలేదు. "నువ్వు చూసినవా?" అన్నాడు. "చూసినోన్ని నేను. జర పులుసు పొయ్యి."

నలభై మంది నవ్వారు. చిలుకమ్మక్క కూడా నవ్వింది. పన్నెండేళ్లలో ఆయన నన్ను చాలా అన్నాడు, ఇంతకంటే పెద్దవే అన్నాడు. కానీ అవి వేటికీ జవాబు లేక ఊరుకోలేదు, జవాబు ఉండీ ఊరుకున్నాను. దీనికి నా దగ్గర నిజంగానే జవాబు లేదు. నేను చూడలేదు. చూడనివ్వనివాడే నువ్వు చూశావా అని అడుగుతున్నాడు.

ఆయన విస్తట్లో పులుసు పోశాను. గరిటె గుండిగలో పెట్టాను. చేతులు కొంగుకు తుడుచుకున్నాను. ఆఖరి పడవకు కేకేస్తున్నారు. నడుచుకుంటూ పోయి ఎక్కాను. వెనక నుంచి, "ఏయ్, ఏడికి? మజ్జిగ ఎవరు పోస్తరు? బస్సు పోతది!" అని వినిపించింది. పోతే పోనీ అని నోటితో అనలేదు. పడవ చప్పుడులో ఎట్లాగూ వినిపించదు.

దీవి మీద ముప్పావుగంట ఉన్నాను. స్తంభాలు ఒకదానికొకటి ఆనుకుని, కొన్ని నిలువుగా, కొన్ని ఒరిగి నిలబడ్డాయి. ఒక్కో స్తంభానికి ఎన్ని పలకలో వేలితో తడిమి లెక్కపెట్టాను. అయిదు, ఆరు, ఆరు, అయిదు. ఒకదానికి ఏడు. నా వైవా బొమ్మలో అన్నీ ఆరే గీశాను. మధ్యలో మా బస్సువాళ్లు తిని పడేసిన బత్తాయి తొక్కలు ఉన్నాయి. అలవాటుకొద్దీ ఏరబోయి వంగాను. తర్వాత వదిలేశాను. ఏడు పలకల దాని మీద కూర్చుని, పడవవాడు మూడుసార్లు పిలిచేదాకా లేవలేదు.

తిరిగి వచ్చేసరికి బస్సు ఇంజను ఆన్‌లో ఉంది. ఎంగిలి గిన్నెలు కడగకుండానే టాపు మీదికెక్కించారు. నేను మెట్టెక్కగానే వెంకట్రాజం, "వచ్చినవా వదినె! సముద్రంల పోయినవనుకున్నం. అన్నకు కొత్త సంబంధం సూద్దామనుకుంటానం" అన్నాడు. బస్సంతా గొల్లుమంది. నేను పోయి అత్తమ్మ పక్కన కూర్చున్నాను. చీర మోకాళ్లదాకా తడిసి ఉంది. ఆమె జరగనూ లేదు, నావైపు చూడనూ లేదు.

మా ఆయన మైకు తీసుకున్నాడు. "మిత్రులారా, ఒక్క మనిషి ఒళ్లుకొవ్వుతోని నలభై మంది గంటన్నర ఎదురుచూసిండ్లు. ఆమెతోనే మీకు మాఫీ అడిగిస్త." మైకు తీగ పొడుగ్గా లాక్కుంటూ సీట్ల మధ్య నుంచి నడిచి వచ్చాడు. దాన్ని నా నోటి ముందు పెట్టాడు.

"చెప్పు. తప్పయింది అను."

ముందు సీట్లవాళ్లు మెడలు తిప్పారు. డ్రైవరు అద్దంలో చూస్తున్నాడు. ఒక్క మాట. అనేస్తే బస్సు కదులుతుంది, రాత్రికి నలభై మందికి ఉప్మా చేస్తాను, ఇంటికి పోయాక కూడా బతుకు సాగుతుంది. ఇట్లాంటివి ఎన్ని అనలేదు? కానీ ఈసారి నేను చూసి వచ్చాను. పళ్లు బిగించి ఆయన కళ్లలోకి చూస్తూ కూర్చున్నాను. మైకులో నా ఊపిరి బుసబుసమని బస్సంతా వినిపిస్తోంది.

"అంటవా, దిగుతవా?" అన్నాడు.

"దిగుత" అన్నాను. లేచాను.

అత్తమ్మ చెయ్యి నా కొంగు పట్టుకుంది. ఇంకో చేత్తో మైకును తనవైపు గుంజుకుంది. మైకులో మెల్లగా మాట్లాడినా చాలని ఆమెకు తెలియదు. గోడ అవతలి మనిషిని పిలిచినట్టు అరిచింది.

"నాకు కడుపునొప్పి లేదురా! పొద్దుగాల ఎవ్వరు సూడంగ అయిదు ఇడ్లీలు తిన్న. పుట్టినకాంచి నెక్కొండ, ఓరుగల్లు తప్ప ఏదన్న సూసిన్నా? పొయ్యి ముందట్నే ముసల్దాన్నయిన. ఈడిదాక తెచ్చినంక ఒక్కడన్న 'నువ్వు రాయే' అన్నడా? కన్నకొడుకు 'గీడనే కూసో' అనె. నేను సూడంది ఇదెందుకు సూడాలె అని కడుపుమండి దీన్ని ఆపిన. తప్పు దాంది కాదు. నాది."