ఒక్క దీర్ఘం

ఆదివారం ఆరాధనలో మొదటి పాట రెండో చరణం దగ్గరే ఆగిపోయింది. పాడేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నోరు మూసుకుని గోడవంక చూడసాగారు. వేదిక వెనక గోడమీద, మూరెడేసి నీలం అక్షరాలలో, తళతళలాడుతూ, "దేవుడు మారాడు" అని ఉంది.

ఉండాల్సింది "దేవుడు మారడు". ముప్పై ఏళ్ళుగా అక్కడున్నది ఆ రెండు మాటలే. గోడకి సున్నం వేసినప్పుడల్లా మళ్ళీ రాయించుకున్నదీ ఆ రెండు మాటలే. ఇప్పుడు 'ర' మీద తలకట్టు ఉండాల్సిన చోట దీర్ఘం వచ్చి కూర్చుంది.

ముందు వరసలో, కొత్తగా కంటి ఆపరేషన్ చేయించుకున్న ముసలమ్మ ఒకావిడ కళ్ళద్దాలు సర్దుకుని పైకి చదివింది. "మారాడా? ఎప్పుడు? నాతో ఎవరూ అనలేదే!"

పెద్దక్కకి తల కొట్టేసినట్టయింది. ఆ చర్చి ఊడ్చేదీ, తుడిచేదీ, తాళాల గుత్తి చేతిలోంచి వదలనిదీ ఆవిడే. సంఘ పెద్దల నుంచి బడిపిల్లల దాకా అందరికీ పేరుకే పెద్దక్క. ఆ అక్షరాలు రాసినవాడికి మాత్రం నిజంగానే అక్క. బోర్డులు రాసుకు బతికే ఆ తమ్ముడు శనివారం పని ముగించి వెళ్ళాక, నేలమీద పడ్డ నీలం చుక్కల్ని కిరసనాయిలు గుడ్డతో రుద్దుతూ, "ఎలా చేసిపోయాడో చూడు, చిన్నప్పటి నుంచీ ఇంతే, వీడు మారడు" అని గొణుక్కుని తాళం వేసుకుందే తప్ప, తలెత్తి గోడ చూసిన పాపాన పోలేదు.

పైగా ఆ పని వాడికి ఇప్పించింది ఆవిడే. ఎనిమిది నెలల కిందట వాడి భార్య పోయింది. సమాధి దగ్గర నుంచి ఇంటికి వెళ్ళినవాడు మళ్ళీ చర్చి గడప తొక్కలేదు. పెద్దక్క బతిమాలింది, తిట్టింది, మాట్లాడటం మానేసింది, మానలేక మళ్ళీ మాట్లాడింది. ఏదీ పనిచెయ్యలేదు. చివరికి "అక్షరాలు వెలిసిపోయాయి, రాయించండి" అని పాస్టరుగారి ప్రాణం తోడేసింది. ప్రార్థనకి రానివాడు పనికైనా వస్తాడు, ఆ గోడ ముందు ఒక పూట నిలబడితే మనసు కరగకపోతుందా అని ఆవిడ ఆశ. తీరా కరిగింది ఆవిడ పరువు.

ఆరాధన అయ్యాక తలో సలహా ఇచ్చారు. "పరదా కట్టేద్దాం" అన్నాడు సంఘంలో పెద్దరికం చేసే టైలరు, అప్పుడే కొలతలు తీస్తున్నట్టు చేతులు చాపి. "ఒక్క దీర్ఘమే కదమ్మా, మనసులో తీసేసుకుని చదువుకుంటే సరి" అన్నారు రిటైరైన మాస్టారు. నలభై ఏళ్ళు పిల్లల చేత దీర్ఘాలు దిద్దించిన మనిషి ఆయన. "చెయ్యి జారి ఉంటుంది పెద్దక్కా, బాధలో ఉన్నాడు కదా" అన్నారు పాస్టరుగారు.

చెయ్యి జారిందా! పెద్దక్కకి ఒళ్ళు మండింది. మందుల షాపు బోర్డులో ఒక ఒత్తు తప్పుంటే, ఎవరూ అడక్కుండానే నిచ్చెనెక్కి దిద్ది వచ్చే రకం వాడు. జారితే వాడు జారాలి గానీ వాడి చెయ్యి జారదు.

అన్నం కూడా తినకుండా తమ్ముడింటికి వెళ్ళింది. ముందుగదిలోనే వాడి పని. గోడకి ఆనించిన రేకు బోర్డులు, మూతలు అంటుకుపోయిన డబ్బాలు, పాత సీసాలో నానుతున్న బ్రష్షులు. వాడు స్టూలుమీద కూర్చుని ఎవరో డాక్టరు బోర్డుమీద పెన్సిలు గీతలు గీస్తున్నాడు.

"ఏంట్రా అది?"

"ఏది?"

"ఏది అంటావేంట్రా! తెలిసి రాశావా, తెలీక రాశావా?"

"ముందు తలకట్టే పెట్టానక్కా. కిందికి దిగి చదువుకున్నా. అబద్ధంలా అనిపించింది. మళ్ళీ ఎక్కి సాగదీశా."

అంత తాపీగా చెప్పేసరికి ఆవిడకి కూర్చోవాలో కొట్టాలో తోచలేదు. "అబద్ధమేంట్రా?"

"పదేళ్ళ కిందట నీ మరదలికి జ్వరం తలకెక్కితే నువ్వూ నేనూ మోకాళ్ళమీద కూర్చున్నాం. తెల్లారేసరికి లేచి కాఫీ అడిగింది. ఈసారి నలభై రోజులు కూర్చున్నాం. అదే ఆస్పత్రి, అదే ప్రార్థన, అదే మనం. మనం మారలేదుగా? మరి మారిందెవరు?"

పెద్దక్కకి తెలిసిన విద్య కోపం ఒక్కటే. "నాకేం తెలుసు! నేను ఊడ్చేదాన్ని! కోపముంటే ఆయన్నే అడుగు. గోడమీద రాసి అందరికీ చాటడమేంటి?"

"ఆయనింట్లో, ఆయన గోడమీదేగా రాశా. పక్కింటి గోడమీద రాయలేదు."

"వచ్చి దిద్దు."

"దిద్దను."

"ఛీ, వీడు మారడు!" అంటూ గుమ్మం పక్కనున్న రంగు గీకే రేకు లాక్కుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం చర్చి ఖాళీగా ఉంది. అరవై దాటిన మనిషి, మోకాళ్ళు వద్దంటున్నా నిచ్చెన జరుపుకుని ఎక్కి దీర్ఘాన్ని గీకడం మొదలుపెట్టింది. ఆయిలు రంగు ఓ పట్టాన రాలేదు. వచ్చిన చోట సున్నం పెచ్చుతో సహా ఊడి మొహాన పడింది. కళ్ళనిండా దుమ్ము. దాంతో ఆవిడ ఓపిక కూడా ఊడిపోయింది.

"అసలు నిన్ననాలి!" అంది గోడవంక చూస్తూ, గోడతో కాదు. "వాణ్ణి ఒక్కసారి లోపలికి తీసుకురా అని ఎనిమిది నెలలుగా అడుగుతున్నా. తీసుకొచ్చావు, ఇదా తీసుకొచ్చే తీరు? నేనడిగేదొకటి, నువ్విచ్చేదొకటి. తిట్టినా అంతే, అలిగినా అంతే, ఏడ్చినా అంతే. ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నా, నువ్వు మారవు!"

"అక్కా, అది పొగడ్తా, తిట్టా?"

కింద తమ్ముడు రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలీదు. భక్తి పుట్టి వచ్చాడనుకోనక్కర్లేదు. అక్క పడి నడుం విరగ్గొట్టుకుంటుందనీ, తన రేకుతో తన అక్షరాన్నే పాడు చేస్తుందనీ వచ్చాడు.

"ఏమోరా, రెండూనేమో" అంది. "నువ్వొకటి చెప్పు. ఆయన మారాడే అనుకుందాం. నిన్నొకలా, ఇవాళొకలా ఉండేవాడే అనుకుందాం. మరి ఆ రోజు సమాధి దగ్గర దాన్ని ఎవరి చేతుల్లో పెట్టి వచ్చాంరా మనం? ఇప్పుడు దాన్నెవరు చూసుకుంటున్నట్టు?"

ఆ ప్రశ్న తనలో ఉందని అప్పటిదాకా ఆవిడకే తెలియదు. అనేశాక భయం వేసింది. పోయింది తమ్ముడి భార్య మాత్రమే కాదు. ఇరవయ్యేళ్ళు శనివారం శనివారం తనతో కలిసి ఈ బల్లలు తుడిచిన మరదలు, చీపురు నాకంటే నాకని పోట్లాడిన మరదలు. ఆవిడంటే పెద్దక్కకి ప్రాణం.

తమ్ముడు నిచ్చెన మెట్టుకి నుదురు ఆనించాడు.

"దిగక్కా" అన్నాడు చివరికి. "ఆ 'ర'ని చంపేశావు."

వాడు ఇంటికెళ్ళి రంగు డబ్బాలు, బ్రష్షు తెచ్చుకున్నాడు. ఈసారి నిచ్చెన ఆవిడ పట్టుకుంది. వాడు గుంట పూడ్చి, పైన తెలుపు వేసి, ఆరేదాకా నిచ్చెన మీదే కూర్చుని, ఆ గోరంత తలకట్టు పెట్టడానికి పావుగంట తీసుకున్నాడు. దిగి, వెనక్కి వెనక్కి నడిచి చూశాడు.

"ఇప్పుడూ అబద్ధంలానే ఉందా?" అని అడిగింది భయపడుతూనే.

"తెలీదక్కా. కానీ అది నిజమై తీరాలి. లేకపోతే నేను బతకలేను." వాడు బల్లమీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఎనిమిది నెలల్లో వాడు ఏడవడం అదే మొదలు. పెద్దక్క తిట్టకుండా పక్కన కూర్చుంది.

మరుసటి ఆదివారం ముసలమ్మ కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "హమ్మయ్య, మళ్ళీ మామూలయ్యాడు" అంది. చివరి వరసలో, తలుపు పక్కన, తమ్ముడు పెద్దక్కని ఆనుకుని నిలబడ్డాడు. పాడటం లేదు. కళ్ళు చికిలించి గోడనే చూస్తున్నాడు.

"ఆ దీర్ఘం తెలుపు కిందినుంచి లీలగా కనబడుతోందక్కా" అన్నాడు ఆవిడ చెవిలో. "ఇంకో పూత వెయ్యాలి. శనివారం తాళం తీసి ఉంచు."

"నేలమీద గుడ్డ పరుచుకుంటావా?"

"పరుస్తాలే."

పరవడని ఆవిడకి తెలుసు. మళ్ళీ ఆ నీలం చుక్కలూ, ఆ కిరసనాయిలు గుడ్డా తనకి తప్పవు. "మారడు" అని విసుక్కుంటూ తలెత్తింది. ఎదురుగా గోడమీద అదే మాట ఉంది. పెద్దక్క ఇంకోసారి అంది, ఈసారి తమ్ముడి గురించి కాదు.