టియా పాటలో మరో గొంతు

అద్దం ముందు కూర్చున్న స్టమాటియా గుండు మీద చెల్లెలు కల్లియోపి బంగారు రంగు పూస్తోంది. మెల్‌బోర్న్‌లో ఆ గుండు తెలియనివాళ్లు లేరు. ఆరేళ్ల క్రితం ఒక ఫ్యాషన్ షోలో మిగతా మోడళ్లు బుద్ధిగా నడిచి వెళ్లిపోతే, తను మాత్రం చెల్లెలు కుట్టిన ఈమూ ఈకల అంగీ వేసుకుని వచ్చి, వేదిక అంచున బాసింపట్టు వేసుకుని పీచ్ పండు తిన్నది. ఆ ఫొటో పత్రికలన్నింటిలో పడింది. చొక్కాల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే వాళ్లమ్మ సిగ్గుతో వారం రోజులు గడప దాటలేదు. లోకానికి మాత్రం స్టమాటియా ఆ రోజు నుంచి టియా అయింది.

తర్వాత పాట పాడింది. పోయిన చలికాలంలో వచ్చిన ఆ రికార్డు వినబడని వీధి లేదు. పల్లవిలో గొంతు ఒక్కసారిగా పైకి లేస్తే విన్నవాళ్ల ఒళ్లు జలదరించేది. ఆ లేచే గొంతు టియాది కాదు. ఆమెది లోతైన, కాస్త బొంగురు గొంతు. రెండు రోజులు తంటాలు పడినా పల్లవి అందకపోతే, మేనేజర్ డెస్ ఫారెల్ కోరస్‌లు పాడుకునే నోరీన్ టక్‌ను పిలిపించి ఆ నాలుగు పంక్తులు పాడించాడు. రికార్డు అట్ట మీద నోరీన్ పేరు వేయలేదు. టియా ఒకసారి డెస్‌ను అడిగింది. "తర్వాత చూద్దాంలే" అన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు.

ఇవాళ పొద్దున ఒక పత్రిక ఆ సంగతి బయటపెట్టింది. మధ్యాహ్నం టీవీలో టియాతో ప్రత్యక్ష ప్రసారం. అక్కాచెల్లెళ్లు ఇప్పుడు ఆ టీవీ స్టూడియో మేకప్ గదిలోనే ఉన్నారు.

"అక్కా, నోరీన్ ఇక్కడే ఉంది" అంది కల్లియోపి గుసగుసగా. "టీవీవాళ్లు వెనక గదిలో కూర్చోబెట్టారు. కోరస్ పని అని పిలిపించారట, పాపం."

డెస్ లోపలికొచ్చి తలుపు వేశాడు.

"భయపడకు. ఆవిడతో మాట్లాడాను. నోరు విప్పితే ఈ ఊళ్లో ఇంకే స్టూడియో మెట్లూ ఎక్కలేవని చెప్పాను."

"ఆవిడకి ఇద్దరు పిల్లలు, డెస్."

"అందుకే నోరు విప్పదు. నువ్వు నవ్వుతూ కూర్చో, చాలు."

స్టూడియో హాలు నిండా కార్యక్రమం చూడటానికి బస్సుల్లో వచ్చిన ఆడవాళ్లు. కార్యక్రమం నడిపే లాన్స్ పర్డీ కాసేపు ఆమె బట్టల మీద జోకులు వేసి, ఉన్నట్టుండి ముందుకు వంగాడు.

"టియాగారూ, ఆ పాటలో గొంతు మొత్తం మీదేనా?"

ఆమె జవాబు చెప్పేలోపే తెర పక్కకు జరిగింది. నోరీన్ నిలబడి ఉంది. పాత గోధుమరంగు కోటు, చేతిలో సంచీ. వెలుతురుకు కళ్లు చికిలించింది.

"నోరీన్‌గారూ, మీరే చెప్పండి. ఆ పల్లవి పాడింది మీరు కాదూ?"

నోరీన్ కెమెరాల వెనక నిలబడ్డ డెస్ వైపు చూసింది.

"కాదండీ. నేను పాడలేదు. ఆవిడే పాడింది."

హాలు చప్పట్లతో మారుమోగింది. పర్డీ ముఖం మాడిపోయింది. డెస్ బొటనవేలు పైకెత్తాడు. గండం గడిచిపోయింది. టియా ఒక్క నవ్వు నవ్వితే అంతటితో సరి. కానీ నోరీన్ సంచీని గుండెకు అదుముకుని ఇంకా డెస్ వైపే చూస్తోంది. టియా ఆమెనే చూస్తూ ఉండిపోయింది. చప్పట్లు సన్నగిల్లి ఆగిపోయాయి. దగ్గు కూడా వినబడలేదు.

"ఆవిడ అబద్ధం చెబుతోంది" అంది టియా. "పని పోతుందని బెదిరిస్తే చెబుతోంది. పల్లవి ఆవిడదే. నాకు ముందునుంచీ తెలుసు. తెలిసే ఊరుకున్నాను."

ఇక ఆపమని డెస్ గొంతు కోసుకుంటున్నట్టు సైగలు చేస్తున్నాడు. టియా లేచి నోరీన్ పక్కకు వెళ్లింది.

"చరణం నేనందుకుంటాను. పల్లవి మీరు పాడతారా?"

"ఇప్పుడా? వాద్యాలు లేకుండానా? మతిపోయిందా నీకు?" అంది నోరీన్ పళ్ల బిగువున.

టియా పాడటం మొదలుపెట్టింది. మొదటి పంక్తిలోనే శ్రుతి తప్పింది. ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె ఆపలేదు. పల్లవి దగ్గరికి వచ్చేసరికి నోరీన్ కళ్లు మూసుకుని గొంతెత్తింది. నవ్విన మనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తర్వాత మంచేమీ వెంటనే జరగలేదు. రెండో రికార్డు రద్దయింది. గోడల మీద టియా పోస్టర్లకు అడ్డంగా 'దొంగ' అని రాశారు. డెస్ వెళ్లిపోయాడు. కొత్త అట్టల మీద నోరీన్ పేరు వచ్చింది, ఆమెకు సొంతంగా కచేరీలూ వచ్చాయి. టియాకు ఎనిమిది నెలలు ఎక్కడి నుంచీ పిలుపు లేదు.

చివరికి హెస్టర్ వేన్ అనే నాటక దర్శకురాలు ఫోన్ చేసింది.

"ఆ రోజు నిజం చెప్పేముందు నువ్వు మౌనంగా ఉన్నావు చూడు, ఇంట్లో సోఫాలో కూర్చున్నదాన్ని నేను ఊపిరి బిగబట్టాను. నాకు పాట అక్కర్లేదమ్మాయ్. రాజ్యం పోగొట్టుకున్న రాణి వేషం ఉంది, వేస్తావా?"

ఆ నాటకం రెండేళ్లు ఆడింది. తర్వాత టియాను అందరూ నటి అనే పిలిచారు.

ఆ నాటకం మొదలైన మొదటి వారంలో ఒకసారి నోరీన్ చూడటానికి వచ్చింది. ఆట అయ్యాక మేకప్ గది గుమ్మంలోనే నిలబడింది.

"నీ మీద కోపం పోలేదు. చెప్పాల్సినప్పుడు నెలల తరబడి నోరు మూసుకున్నావు."

"అవును" అంది టియా.

"రెండో అంకంలో నీ మాట వెనక వరుసలకి వినబడట్లేదు. ఊపిరి పైనుంచి తీస్తున్నావు, పొట్టలోంచి తియ్యి."

"ఎలాగో చూపిస్తారా?"

నోరీన్ గుమ్మం దాటి లోపలికొచ్చి, సంచీ కింద పెట్టింది.