కంటి కొసన కదలిక

ఏళ్ల తరబడి తిన్న గుద్దులకు ఆ బాక్సర్ రెండు కళ్ళలోనూ రెటీనా నడిభాగం దెబ్బతింది. పరీక్ష చేసిన కంటి డాక్టరు స్వయానా అతని అక్క.

"మధ్యలో నరాల కణాలు చచ్చిపోయాయిరా. అంచున ఉన్నవే మిగిలాయి. వాటికి మొహాలు ఆనవు, కదలికే అందుతుంది. ఇక ఈ ఆట మానెయ్."

"కదిలేది తెలిస్తే చాలక్కా, కొట్టడానికి," అన్నాడు మొండిగా.

దొంగచాటుగా జరిగే ఓ పోటీలో దిగాడు. మొహం పక్కకి తిప్పి నిలబడి, కంటి కొసన నీడ కదిలినప్పుడల్లా పిడికిలి విసిరాడు. ప్రత్యర్థి ముక్కు చితికింది, పళ్ళు రాలాయి, చివరికి మొదలు నరికిన మానులా కూలాడు. జనం కేకల్లో గంట వినపడలేదు. పడినవాడు కదలడం లేదు గనుక ఎక్కడున్నాడో ఇతనికి తెలియలేదు. పళ్ళు బిగించి వెతుకుతుంటే పక్కనుంచి ఏదో దూసుకొచ్చింది. ఉన్న సత్తువంతా కూడగట్టి కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడైంది.

"ఒరేయ్, నేనురా!"

పోటీ సంగతి తెలిసి, ఆపుదామని బరి తాళ్ళ కింద నుంచి దూరి వచ్చిన అక్క గొంతు అది. అతను మోకాళ్ళ మీద పడి, నేల తడుముకుంటూ ఏడ్చాడు.

"నా భుజం సంగతి తర్వాత," అంది ఆమె మూలుగుతూ. "ముందు వాడికి ఊపిరాడుతోందో లేదో చూడు."

అతను పాకుతూ వెళ్ళి, చేతికి తగిలిన వాడి నెత్తుటి ఛాతీకి చెవి ఆనించాడు. గుండె కొట్టుకుంటోంది. మళ్ళీ ఎన్నడూ బరిలోకి దిగలేదు.