టీగ్లాసు మరక దాటిన డీకోడర్‌ని

నేను ఒక వీడియో డీకోడర్‌ని. ఫోన్లో ఉంటాను. మీరు వీడియో అనుకునేది నిజానికి మూటగట్టిన అంకెలు. ఆ మూట విప్పి, సెకనుకి పాతిక బొమ్మలు పేర్చి తెర మీదికి పంపేది నేనే. రంగురంగుల బొత్తాలతో పైకి కనిపించే యాప్ పెళ్ళిపందిరి అనుకుంటే, నేను వెనకాల గాడిపొయ్యిని.

నన్ను రాసింది విశాఖపట్నంలో ఫణిరాం అనే ఇంజనీరు. నాది నేటివ్ కోడ్. అంటే ప్రాసెసర్‌తో నేరుగా మాట్లాడతాను, మధ్యవర్తులుండరు. అందుకే పని వేగం. అందుకే ఒక్క తప్పటడుగు పడినా సర్దిచెప్పేవాడు లేక యాప్ మొత్తం కూలిపోతుంది. ఫణిరాం ఎక్కడెక్కడి పాడైన ఫైళ్ళూ ఏరి తెచ్చి ఏడాదిపాటు నాకు తినిపించాడు. మంచి ఫైలుని ఎవడైనా ఆడిస్తాడనేవాడు. పెళ్ళిచూపులకి కూడా లాప్‌టాప్ పట్టుకెళ్ళాడట. ఆ సంబంధం తప్పిపోయింది, నేను మాత్రం గట్టిపడ్డాను.

తర్వాత రాజమండ్రిలో ప్రకాశరావుగారి ఫోన్లోకి చేరాను. ఆ ఫోన్ ముసలిదయ్యాక ఆయన భార్య ఇందుమతిగారికి వచ్చింది. ఆ ఇంట్లో భార్యకి కొత్త ఫోన్ కొనరు, భర్త ఫోన్ పాతబడేదాకా ఆగుతారు. అక్కడ నాలుగేళ్ళలో పదకొండు వేల గుడ్‌మార్నింగ్ సూర్యోదయాలు విప్పాను. ఎనిమిదిలోపు ఆ ఇంట్లో ఎవరూ లేవరు.

ఇంతలో ఇందుమతిగారి కూతురికి పెళ్ళి కుదిరింది. కాకినాడలో ఉన్న ఒక్కగానొక్క అక్క భ్రమరాంబగారు రానంటే రానన్నారు. ఇరవయ్యారేళ్ళ క్రితం ఇందుమతిగారి పెళ్ళిలో తనని ఫొటోకి పిలవలేదట. అక్క లేని పెళ్ళి ఏం పెళ్ళని ఇందుమతిగారు రెండు రోజులు అన్నం మానేసి ఉప్మాతో సరిపెట్టుకున్నారు.

సాక్ష్యం ఒక్కటే, పెళ్ళి సీడీ. అది పన్నెండేళ్ళుగా ప్రకాశరావుగారి టీగ్లాసు కింద ఉంది. పెళ్ళి ఏమైపోయినా ఫరవాలేదు, బల్ల మీద మరక పడకూడదు కదా. ఫొటోల షాపులో దాన్ని ఫోన్లోకి ఎక్కించారు. ఫోన్‌తో పుట్టిన ప్లేయరు “ఈ వీడియో ప్లే కాదు” అని చేతులు దులుపుకుంది. పాత తరహా ఫైలంటే దానికి చిన్నచూపు. అప్పుడు నా దగ్గరికొచ్చారు.

మర్నాడు ఆలుమగలిద్దరితో పాటు కాకినాడలో భ్రమరాంబగారింట్లో దిగాను.

“ఒక్కసారి చూడవే అక్కా.”

“ఏం చూడమంటావే? జరిగిన అవమానం మళ్ళీ చూడాలా?” అన్నారు భ్రమరాంబగారు, కళ్ళజోడు పెట్టుకుంటూ.

మొదటి పది నిమిషాలూ వధూవరుల ఫొటోల చుట్టూ గుండెబొమ్మలు గిరగిర తిరిగాయి. ఓపిగ్గా తిప్పాను. ఆ తర్వాత భోజనాల పంక్తి. సీడీ మీద టీగ్లాసు మరక పడింది సరిగ్గా అక్కడే. అంకెలుండాల్సిన చోట గీతలున్నాయి. ఇలాంటి చోటే నాలాంటివాళ్ళు చాలామంది యాప్‌తో సహా చచ్చిపోయారు. లేని బొమ్మని నేను కల్పించను, అది నా నీతి. ముందు బొమ్మలోంచి ముక్కలు అరువు తెచ్చి, పోయినచోట ఆకుపచ్చ గళ్ళు వదిలేసి, ఒక్కో అడుగూ తడిమి వేశాను. దాటాను.

పెళ్ళికూతురి ముస్తాబులో ఇందుమతి పంక్తి దగ్గరికొచ్చి పిలుస్తోంది. “అక్కా, ఫొటోకి రావే!” విస్తరి ముందు భ్రమరాంబ తలెత్తకుండానే ఎడంచెయ్యి ఊపింది. “పెరుగన్నం తిని వస్తా, పో.”



“చూశారా వదినగారూ!” అన్నారు ప్రకాశరావుగారు. ఇందుమతిగారు ఆయన్ని గిల్లారు.

“వెనక్కి తిప్పు,” అన్నారు భ్రమరాంబగారు.

వెనక్కి తిప్పడమంటే మీకు వేలితో తోయడం. నేను మాత్రం మార్పులు మాత్రమే కాక మొత్తం దాచిన నిండు బొమ్మ వెనకెక్కడుంటే అక్కడికి పోయి, అక్కణ్ణించి మళ్ళీ నడుచుకుంటూ రావాలి. ఆవిడ తొమ్మిదిసార్లు తిప్పించారు. తొమ్మిదిసార్లూ ఆ మరక దాటాను. ఒక్కసారి కూడా పడలేదు. పదోసారికి ఆవిడే వేలు పెట్టి ఆపారు.

“ఎంత సన్నగా ఉండేదాన్నే!”

“ఇప్పుడు మాత్రం ఏం లావయ్యావే?” అన్నారు ఇందుమతిగారు. చెల్లెలన్నాక కొన్ని అబద్ధాలు తప్పవు.

“పిలిచావులే. తినేవాళ్ళని రెండోసారి కూడా పిలవాలని తెలియదూ?” భ్రమరాంబగారు ముక్కు చీదారు. “కుంకంభరిణ ఆ గూట్లో ఉంది. బొట్టుపెట్టి పిలువు, వస్తాను.”

బొట్టు పెట్టారు. ఆ తర్వాత కబుర్లలో పడి ఫోన్ సంగతే మరిచిపోయారు. “ఫోన్ మంచిదండీ, ఎంతైనా నా సెలెక్షన్,” అన్నారు ప్రకాశరావుగారు, ఎవరూ అడక్కపోయినా.

ఆగిన బొమ్మని పట్టుకు నిలబడటం మా వృత్తిలో అన్నిటికన్నా తేలిక పని. ఆ రోజు చార్జింగ్ అయిపోయేదాకా, విస్తరి ముందు చెయ్యెత్తిన ఆ సన్నటి అమ్మాయిని వణక్కుండా పట్టుకునే ఉన్నాను.