పన్నెండో పేరు

"పాతదే ఉంచేద్దాం. కడగడానికి ఎలాగూ హెప్సిబా ఉందిగా!"

మత్తు డాక్టరు హర్షవర్ధన్ గారు ఆ మాట అన్నప్పుడు నేను ఆ పాతదాన్నే కడుగుతున్నాను, తిరువూరులో మా ఆస్పత్రి ఆపరేషన్ థియేటర్ పక్కన, బీరువా అంత గదిలో. నేనక్కడ థియేటర్ నర్సుని. నోరు తెరుచుకోని వాళ్ళకి మత్తివ్వాలంటే ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి, దాని మీదుగా ఊపిరి గొట్టం దించుతారు. ఆ కెమెరా గొట్టమే బ్రాంకోస్కోపు. మా దగ్గరున్నది కడిగి మళ్ళీ వాడేది. ఈమధ్య ఒక్కసారి వాడి పారేసేవి కొన్ని తెప్పించారు. ఏది మేలో తేల్చడానికి సార్ ఒక కాగితం గీశారు: పేషెంటు పేరు, వయసు, గొంతు ఇబ్బంది, ఏ స్కోపు, ఎన్ని నిమిషాలు, బొమ్మ ఎలా ఉంది. మొదటి పేరు రెడ్డిగూడెం మామిడి రైతు బసవపున్నయ్య గారిది, గుట్కా నమిలి దవడలు బిగుసుకుపోయాయి. మూడు నెలల్లో పదకొండు పేర్లు, అన్నీ నా చేతిరాతే.

కడగడానికి మాత్రం గడి లేదు. "అందులో రాయడానికేముందమ్మా?" అన్నారు సార్ మొదటిరోజే. ఆయన మంచివారే. కోపంగా అనలేదు కాబట్టే నాకు మరీ మండింది.

రాయడానికి చాలా ఉంది. గొట్టంలో సన్న బ్రష్షు తోసి తోసి తీయాలి. ఎక్కడైనా చిల్లి పడిందేమో నీళ్ళలో ముంచి చూడాలి. ఘాటు మందునీళ్ళలో నానబెట్టి, మళ్ళీ కడిగి, వేలాడదీసి ఆరబెట్టాలి. గంట పని. ఊపిరితిత్తుల డాక్టరూ దాన్నే వాడతారు గనక వారానికి నాలుగైదు సార్లు. వదిలేసి వెళ్తే లోపల ఎండిపోయి తర్వాతి పేషెంటుకి ముప్పు. అందుకే డ్యూటీ అయిపోయాక కూడా నేనే. ఆ గదిలో ఫ్యాను పాడై ఏడాదయింది. మందునీళ్ళ ఘాటుకి గొంతు పట్టేస్తుంది. మొదట్లో తెల్లారేసరికి తగ్గిపోయేది, ఇప్పుడు తగ్గడం లేదు. మా చర్చిలో ఆదివారం మొదటి పాట ఎత్తేది నేను. ఇప్పుడు రెండో చరణానికే గొంతు చీలిపోతోంది.

ఇంట్లో చెబితే మా అత్త చిట్టెమ్మ, "మేం పిడకల పొగలో వండలా? మాకు లేని దగ్గులు మీకెందుకొస్తాయే?" అంది. మా ఆయన ఐజాక్ ఇంకో అడుగు ముందుకేశాడు. నన్నడక్కుండానే పాస్టరు గారితో మాట్లాడేశాడు. "ఇకనుంచి నీ వెనక వరసలో పాడే జాస్మిన్ పాట ఎత్తుద్దిలే. నువ్వు వెనక నిలబడి చప్పట్లు కొట్టు, చాలు. డ్యూటీ ముఖ్యం కదా!"

ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇన్నేళ్ళుగా ఆ కెమెరాలో ఎన్ని గొంతులు చూశానో లెక్కలేదు. ఎవరికి ఎక్కడ ఇరుకో తెర మీద చూడగానే చెప్పగలను. నా గొంతులోకి మాత్రం ఒక్కరూ టార్చిలైటు వేసి చూడలేదు. చూడమని నేనూ అడగలేదు. అడగకపోవడాన్ని ఓర్పు అనుకున్నాను. అది ఓర్పు కాదు, భయం. పాట పోయాక ఇంక దేనికి భయపడాలి?

మర్నాడు నేనే పాస్టరు గారికి ఫోన్ చేసి, ఆదివారం పాట ఎత్తేది నేనేనని, గొంతు చీలినా సరేనని చెప్పాను. తర్వాత ఆస్పత్రికి వెళ్ళి కాగితం సార్ చేతికిచ్చాను.

"చూశావా, పాతదాంట్లోనే బొమ్మ క్లియర్! కొత్తదానిలా మెరుస్తోంది," అని మురిసిపోతూ చదివిన సార్ చివరి వరస దగ్గర ఆగారు.

"పదకొండు కేసులే కదమ్మా? ఈ పన్నెండోది ఏంటి?"

"చదవండి సార్."

"హెప్సిబా. ముప్పై తొమ్మిది. గొంతు బొంగురు, ఆగని దగ్గు. స్కోపు: కడిగి వాడేది. నిమిషాలు: ప్రతిసారీ అరవై..." సార్ గొంతు నెమ్మదించింది. బొమ్మ ఎలా ఉంది అన్న గడి ఖాళీగా ఉంది.

"అది మీరే నింపాలండి. ఫ్యాను బాగయ్యేదాకా నేను ఆ గదిలోకి వెళ్ళను. ఇవాళ్టి కేసుకి కొత్తది తీయండి."

కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుని, నోరు తెరిచాను.