లేబుల్ మీద లేబుల్

అక్షరాలు నాకు యాభై తొమ్మిదో ఏట వచ్చాయి. ఒత్తులు తప్పితే మన్నించండి. ఇంత రాయడానికి పదకొండు దినాలు పట్టింది, చదివేవాళ్లూ కొంచెం ఓపిక పట్టాలి.

కరీంనగర్‌లో ఎముకల డాక్టర్ విద్యాధర్ గారి దవాఖానలో బుచ్చవ్వ ఆయా. మెట్‌పల్లి బీడీ కార్ఖానాలో ముప్పై ఏళ్లు కట్టలకు లేబుళ్లు అంటించి, అది మూతపడ్డాక ఇక్కడ చేరింది. డాక్టర్ గారికి ఎముకలు బాగా తెలుసు. మనుషులే తెలియదు. బూట్లు మెరిస్తే పెద్దమనిషి, చెప్పులు అరిగితే దొంగ, అంతే ఆయన లెక్క.

ఆ ఏడు ఆయనను కొత్త వైద్యం పట్టుకుంది. రోగి రక్తమే కొంచెం తీసి, గిర్రున తిప్పే మిషన్‌లో పెడితే పసుపు నీరు పైకి తేలుతుంది. అందులో దెబ్బను మాన్పే సత్తువ ఉంటుందట. దాన్ని అరిగిన మోకాలిలోకి సూదితో ఎక్కిస్తారు. అందుకు గొట్టాలు, సూదులు ఉన్న కిట్లు కావాలి. అవి ఎవరి దగ్గర తీసుకోవాలో తేలాలి.

ముందు రాంచందర్ అనే ఆయన పెద్దపల్లి నుంచి బస్సులో గుడ్డసంచితో వచ్చాడు.

"నా మాట నమ్మకుండ్రి సార్. తిప్పకముందు రక్తం, తిప్పినంక నీరు, రెండూ మీ ల్యాబ్‌లనే లెక్క చేయించుండ్రి. కణాలు ఎన్నింతలైనయో తెలుస్తది. లైసెన్సు కాగితాలు గివి."

డాక్టర్ గారు కాగితాలు చూడలేదు, చెప్పులు చూశారు. "చూద్దాంలే," అన్నారు.

తరవాత హైదరాబాద్ నుంచి అర్జున్ వచ్చాడు. మెడకు టై, చేతిలో పూలగుత్తి. "మీ చేతులు చూస్తేనే తెలుస్తోంది సార్, ఈ జిల్లాలో ఇలాంటి సర్జన్ లేరు!" చిలకజోస్యం చెప్పేవాడైనా చిలకకు ఒక గింజ వేస్తాడు. ఇతను గింజ కూడా వేయకుండానే డాక్టర్ గారి చేత తల ఊపించాడు.

"రేపే మొదటి కేసు చేద్దాం," అన్నారు డాక్టర్ గారు.

ఆ మొదటి కేసు పోశవ్వ. కార్ఖానాలో బుచ్చవ్వ పక్కనే, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టిన మనిషి. కూర్చుని కూర్చుని మోకాళ్లు అరిగిపోయాయి. "నేనుంట గదనే, భయమెందుకు?" అని మెట్‌పల్లి నుంచి పిలిపించింది బుచ్చవ్వే. పోశవ్వ నమ్మింది డాక్టర్‌ను కాదు, ఆ మాటను.

మర్నాడు బుచ్చవ్వ ట్రేలో ప్యాకెట్లు సర్దుతుంటే బొటనవేలు ఒకచోట ఆగింది. కాగితం మీద కాగితం ఉంటే కంటికి చిక్కదు, వేలికి చిక్కుతుంది. ప్యాకెట్‌ను మూతికి దగ్గరగా పట్టి వేడి ఊపిరి ఊదింది. గోటితో మూల లేపింది. పైన వచ్చే ఏటి తేదీ. కింద, గడువు తీరి పద్నాలుగు నెలలైన తేదీ. మిగతా ప్యాకెట్లూ అంతే.

లోపల అర్జున్ పక్కన నిలబడి చూస్తుండగా, రక్తం తీయడానికి పోశవ్వ చేతికి రబ్బరు కట్టేశారు.

"సార్, జర ఆగుండ్రి."

"ఏందే బుచ్చవ్వా, పని నడుమ?"

"గీ సూది ముందుగాల గీ సారుకు ఇయ్యుండ్రి. నిన్నటి సంది మీ ముంగట వంగి వంగి ఆయన మోకాళ్లే ఎక్కువ అరిగినయి."

పోశవ్వ కిసుక్కున నవ్వింది. అర్జున్ టై సర్దుకున్నాడు. "అమ్మా, ఇవి టెక్నికల్ విషయాలు. మీకు అర్థం కావు."

"అవ్ కొడుకా, అర్థమైతలేదు. ఒక్కసారి పుట్టిన డబ్బ రెండుసార్లు ఎట్ల చస్తది?" అంటూ రెండు తేదీలూ కనబడేలా ప్యాకెట్‌ను బల్ల మీద పెట్టింది.

"అది... గోడౌన్‌లో ప్రింటింగ్ పొరపాటు సార్."

డాక్టర్ గారు ప్యాకెట్‌ను అటూ ఇటూ తిప్పారు. ఎక్స్‌రేలో వెంట్రుకంత పగులును పట్టే కళ్లు అవి. వేలెడు కాగితాన్ని పట్టలేకపోయాయి.

"నీకెట్ల తెలిసిందే?"

"కార్ఖానల గిట్ల అంటిస్తే సేటు గంప ఇసిరికొట్టేటోడు సార్. తాగి పారేసే బీడీకే గంత పట్టింపు. మనిషి మోకాట్ల పోసేదానికి మీరు పూలు తీస్కొని చాయ్ తాపిన్రు."

పోశవ్వ రబ్బరు తనే విప్పేసుకుని, మంచం పట్టుకుని మెల్లగా దిగింది. "అక్కా, నా చెప్పులేడున్నయే?"

అర్జున్ డబ్బాలు ఎత్తుకుని పోయాడు. పూలగుత్తి మిగిలింది. దాన్ని బుచ్చవ్వ చెత్తబుట్టలో వేసింది.

సోమవారం రాంచందర్‌ను పిలిపించారు. ఈసారి కుర్చీ వేశారు, కాగితాలు చదివారు, లెక్కలు ల్యాబ్‌లో చేయించారు. పోశవ్వ మాత్రం ఒకటే షరతు పెట్టింది. "సారు జూసుడు గాదు, మా అక్క బొటనేలు జూసినంకనే సూది." బుచ్చవ్వ ప్రతి ప్యాకెట్‌నూ తడిమి చూసి తల ఊపాకే పోశవ్వ చెయ్యి చాపింది.

ఇప్పుడు డాక్టర్ గారు తోటి డాక్టర్లతో గొప్పగా చెబుతుంటారు, "మా దగ్గర కిట్లకు ప్రత్యేక తనిఖీ ఉంటది," అని. తనిఖీ చేసేది ఎవరో చెప్పరు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా గుమ్మం దగ్గర బుచ్చవ్వ తడిగుడ్డను కొంచెం గట్టిగా పిండుతుంది.

ఇది రాసింది దేవవ్వ, అరవై మూడేళ్లు. ఇప్పుడు ఉండేది కరీంనగర్, కోతిరాంపూర్.