పదమూడుకి రెండు

నాగదుర్గ కడుపులో బిడ్డ కదలక రెండు రోజులైంది. అంతర్వేది దగ్గర చేపల వేట మీద బతికే కుటుంబం వాళ్ళది. భర్త త్రిమూర్తులు బోటు మీద సముద్రంలో ఉన్నాడు. అత్త మహాలక్ష్మమ్మ చేపల గంప పక్కింట్లో దింపేసి, కోడల్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకొచ్చింది. స్కానింగులో గుండె చప్పుడు లేదు. నెలలు నిండడానికి ఇంకో వారమే ఉంది.

నర్సు రామతులసి గ్లోవ్స్ వేసుకుని పరీక్ష చేసింది. గర్భసంచి మూతి మూసుకునే ఉంది. మెత్తబడలేదు, పొడవు తగ్గలేదు. బిడ్డ తల మాత్రం కాస్త దిగింది. ఒళ్ళు కాన్పుకి ఎంత సిద్ధమైందో చెప్పే లెక్కలో, కేసు షీటు మీద పదమూడుకి రెండు అని రాసింది. ఆ అంకె పెరిగితేగాని నొప్పులు రప్పించడానికి వీల్లేదు.

మహాలక్ష్మమ్మ ఆపరేషన్ చేసి తీసెయ్యమని బతిమాలింది. డాక్టరు గారు ఒప్పుకోలేదు. ఇప్పుడు కడుపు కోస్తే తర్వాతి కాన్పుకి ఇబ్బందని, మాత్రలు పెట్టి మూతి మెత్తబడేదాకా చూడాలని, ఒక రోజు పట్టొచ్చని చెప్పారు.

మాత్ర పెడుతుంటే నాగదుర్గ మొదటిసారి నోరు విప్పింది.

“బిడ్డ పోయింది కదండీ. ఇంకా ఎందుకు వదలట్లేదు?”

రామతులసి గ్లోవ్స్ తీస్తూ చెప్పింది.

“నీ ఒంటికింకా తెలీదమ్మా. బిడ్డని కాపాడుతున్నాననే అనుకుంటోంది.”

అనకుండా ఉండాల్సిందని రామతులసికి అప్పుడే అనిపించింది. నాగదుర్గ గోడవైపు తిరిగి ఏడ్చింది. పక్క మంచం మీద పసిపిల్ల కూడా ఏడుస్తోంది. రామతులసి ఎవర్నీ అడక్కుండా నాగదుర్గ మంచాన్ని చివరి గదిలోకి మార్పించింది.

ఆరేసి గంటలకోసారి పరీక్ష. షీటులో అంకె మూడైంది, ఐదైంది. మర్నాడు పొద్దున ఎనిమిది దాటాక నొప్పులందుకున్నాయి. అప్పటికి త్రిమూర్తులు ఒడ్డుకొచ్చి, తడిబట్టలతోనే ఆసుపత్రికి చేరాడు. మగవాళ్ళని రానివ్వని గదిలోకి రామతులసి అతన్ని రానిచ్చింది.

ఆడపిల్ల. చూస్తే మరిచిపోవడం కష్టమని, చూపించొద్దని మహాలక్ష్మమ్మ అడ్డుపడింది.

“నేను చూడాలత్తా,” అంది నాగదుర్గ.

రామతులసి బిడ్డని తుడిచి, గుడ్డలో చుట్టి ఆమె చేతుల్లో పెట్టింది. నాగదుర్గ చాలాసేపు చూసి, ముక్కు అచ్చం మీ ముక్కేనని భర్తతో అంది. అతను కిటికీ దగ్గర నిలబడి తల తిప్పలేకపోయాడు.

సాయంత్రం త్రిమూర్తులు బిడ్డని సరుగుడు తోట వెనక ఇసకలో పాతిపెట్టి వచ్చాడు. ఎక్కడని ఆమె అడిగింది. నడవగలిగాక తీసుకెళ్తానని చెప్పి, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.